జచ్చా-బచ్చా సంరక్షణ : ఆరోగ్య కార్యకర్తకు మనమివ్వవలసిన తోడు

(బడంగ్‌పేట్‌లో జరిగిన సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



విద్యా విషయంపై నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని కోరినారు. మేము చెప్పబోయేది కూడా విద్యా విషయమే. అయితే బడి పిల్లల చదువు గూర్చి కాదు. మన గల్లీల్లో సంచీ భుజాన వేసుకుని తిరిగే ఆశా కార్యకర్త, ఉపకేంద్రంలో సూది వేసే ఏ.ఎన్.ఎం., ప్రసూతి గదిలో రాత్రంతా నిలబడే నర్సు - వీరి చదువు గూర్చి. వీరు నేర్చుకున్నది వీరి చేతుల్లో నిలవాలంటే ఏం చేయాలి, అందులో మన సంఘం వంతు ఎంత, అన్నదే నేటి మా విషయం.

స్త్రీల సంగతులు మగవారు సభలో మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చును. హజ్ యాత్రకు పోయివచ్చిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు తిరిగి వచ్చినారు గదా! అది ఎవరి జ్ఞాపకం? పసిబిడ్డ దాహంతో ఏడుస్తుంటే నీళ్లకోసం పరుగెత్తిన ఒక తల్లి, హజ్రత్ హాజరా జ్ఞాపకం. అక్కడ మగవారూ ఆ తల్లి అడుగుల్లోనే నడుస్తారు. మరి మన గల్లీలో తల్లీబిడ్డలు ఆపదలో ఉంటే, అది ఆడవాళ్ల గొడవ అని మనం చాయ్ హోటల్లో కూర్చోవడం ఏమి న్యాయం?

ఇంతవరకు జరిగినది

మొదట జరిగిన మంచి చెప్పుకుందాం. మన పెద్దల కాలంలో ప్రసవమంటే ఇంట్లోనే. తెలుగువారి ఇండ్లలో మంత్రసాని, మన ఇండ్లలో దాయి. వారిని చిన్నచూపు చూడవద్దు. ప్రవక్త వారికి పాలిచ్చి పెంచిన హజ్రత్ హలీమాను దాయి హలీమా అనే మనం గౌరవంగా తలచుకుంటాం. కాని దాయి చేతిలో అనుభవం తప్ప రక్తస్రావానికి మందు లేదు, బిడ్డ ఊపిరి తీయకపోతే సాధనం లేదు. రాజభవనాల్లో ఉన్నవారికి కూడా ఈ దుఃఖం తప్పలేదు. ఏడవ నిజాం కోడలు నీలోఫర్ రాకుమారి తన పరిచారిక రఫత్ ప్రసవంలో చనిపోవడంతో చలించిపోయి, మరొక తల్లికి ఇట్లా జరగకూడదని పట్టుబట్టిందనీ, ఆ పట్టుదల ఫలితమే 1953లో వెలసిన నీలోఫర్ ఆసుపత్రి అనీ చెబుతారు.

ఆ తర్వాత చాలా దూరం వచ్చినాము. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సులు మొదలయినవి. అదే సంవత్సరం దేశంలో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది, దానితోపాటు ఆశా కార్యకర్తలు వచ్చినారు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం కె.సి.ఆర్. కిట్ పథకం ప్రవేశపెట్టి, ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించిన తల్లికి మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చింది. ఇన్ని విధాల ప్రయత్నం జరిగింది గనుక ఫలితమూ కనబడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి 97 ప్రసవాలు ఆసుపత్రుల్లోనే జరిగినవి. లక్ష జననాలకు చనిపోయే తల్లుల సంఖ్య 2014-16లో 81 ఉండగా, 2018-20 నాటికి 43కు దిగింది. అదే కాలంలో దేశం మొత్తానికి ఆ సంఖ్య 97. ఇది సంతోషించవలసిన మాట, అల్‌హమ్దులిల్లాహ్.

ఇక మిగిలినది

అయితే అదే సర్వే పుస్తకంలో మరికొన్ని అంకెలున్నవి. నూటికి 97 మంది తల్లులు ఆసుపత్రికి చేరినారు. కాని పుట్టిన గంటలోపల తల్లిపాలు తాగిన బిడ్డలు నూటికి 37 మందే. గర్భిణులలో నూటికి 53 మందికి రక్తహీనత. ప్రసవాలలో నూటికి 60 పైచిలుకు ఆపరేషన్ ద్వారా జరిగినవి. పుట్టిన వెయ్యి మంది బిడ్డల్లో ఇంచుమించు 17 మంది నెల దాటకముందే చనిపోయినారు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. తల్లి ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి పోయింది. బిడ్డ నర్సు చేతిలోనే పుట్టింది. అయినా గంటలోపల రొమ్ముకు చేరలేదు. ఇది దారి ఖర్చు లోపం కాదు, ఆసుపత్రి లేని లోపమూ కాదు. లోపల చేసే పనిలో లోపం. 1994లో థాడియస్, మైన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాలకు మూడు ఆలస్యాలు కారణమని వ్రాసినారు. పోదామని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఆలస్యం మొదటిది. దారిలో ఆలస్యం రెండవది. చేరిన తర్వాత సరైన వైద్యం అందడంలో ఆలస్యం మూడవది. రెండవ ఆలస్యాన్ని 108 బండి చాలావరకు తగ్గించింది. మొదటిది, మూడవది మిగిలి ఉన్నవి. ఈ రెండూ డబ్బుతో మాత్రమే తీరేవి కావు. మనుషుల నేర్పుతో, మాటతో తీరేవి.

మా తరగతిలో ఒక బాలిక ఉండేది. చురుకైన పిల్ల. ఉన్నట్టుండి బడి మానేసింది. కనుక్కుంటే తల్లి కాన్పులో పోయిందనీ, ఇంట్లో పసిగుడ్డును ఈ పిల్లే చూసుకుంటున్నదనీ తెలిసింది. కాన్పయితే సుఖంగానే అయిందట. తర్వాత రక్తం పోతూ ఉంటే, 'కాన్పన్నాక రక్తం పోకుండా ఉంటుందా' అన్నారట. ఎంత పోయిందో కొలిచిన వారు లేరు. ఆ ఒక్క మాట మీద రెండు గంటలు గడిచినవి. ఒక తల్లి పోతే ఒక పసిబిడ్డ ప్రాణం ప్రమాదంలో పడుతుంది, ఒక ఆడపిల్ల చదువు ఆగుతుంది. అందుకే ఇది విద్యా విషయం కూడా అని మొదటే మనవి చేసినాము.

తనిఖీ వేరు, తర్బియత్ వేరు

ఉపాధ్యాయులమైన మాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాము. ట్రైనింగ్ పూర్తి చేసి సర్టిఫికెట్టు పుచ్చుకున్న కొత్త ఉపాధ్యాయుడు మొదటి రోజు 60 మంది పిల్లల ముందు నిలబడితే, చదివిన పుస్తకమంతా ఎక్కడికో పోతుంది. అప్పుడు అతని దగ్గరకు రెండు రకాల మనుషులు రావచ్చును. ఒకరు వచ్చి, రిజిస్టరు ఏది, పాఠ్య ప్రణాళిక ఏది అని అడిగి, పిల్లల ముందే నాలుగు చీవాట్లు పెట్టి, సంతకం చేసి పోతారు. అది తనిఖీ. మరొకరు వెనక బల్లమీద కూర్చుని పాఠమంతా వింటారు. పిల్లలు పోయిన తర్వాత, 'ఫలానా చోట బాగా చెప్పినావు, ఫలానా లెక్క దగ్గర పిల్లలకు అందలేదు, రేపు నేను చెబుతాను, చూడు' అంటారు. మరునాడు తానే పాఠం చెప్పి చూపిస్తారు. పది రోజులకు మళ్లీ వచ్చి, ఈసారి ఎలా చెబుతున్నాడో చూస్తారు. దీనినే మన ఉర్దూలో తర్బియత్ అంటాం. తాలీమ్ పుస్తకంతో వస్తుంది, తర్బియత్ మనిషి పక్కన మనిషి ఉంటేనే వస్తుంది.

ఆశా కార్యకర్త విషయమూ ఇంతే. ఆమెకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, బరువు తూచే త్రాసు, థర్మామీటరు, గడియారం ఇచ్చి పంపుతారు. తర్వాత ఆమెను చూడవచ్చే వారిలో ఎక్కువ మంది అడిగేది రిజిస్టరే. త్రాసు ముల్లు సున్న మీద ఉందో లేదో చూసి బిడ్డను పెట్టిందా? బిడ్డ ఊపిరిని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టిందా, లేక పావు నిమిషం చూసి నాలుగింతలు చేసిందా? ఇవి రిజిస్టరులో కనబడవు. పసిబిడ్డ ఊపిరి నిమిషానికి 60 గాని, అంతకు మించి గాని ఉంటే ఆపద గుర్తు. లెక్క తప్పితే బిడ్డ చేయి దాటిపోతుంది. పక్కన నిలబడి చూసిన వారికే ఆ తప్పు తెలుస్తుంది.

మన ఇండ్లకు సంబంధించిన ఉదాహరణ మరొకటి. బి.పి. చూడవలసినప్పుడు బురఖా మందపు చేయి మీదనే పట్టీ చుడితే వచ్చే అంకె నమ్మదగింది కాదు. బి.పి. పెరిగినది తెలియకపోతే, తర్వాత వచ్చేది ఫిట్స్, పల్లెల్లో గుర్రపువాతం అనే జబ్బు. అది తల్లి ప్రాణం తీయగలదు. అనుభవమున్న నర్సు అయితే, 'అమ్మా, లోపలి గదిలో కూర్చుందాం, మగవారెవరూ రారు, చేయి కాస్త పైకి తీయండి' అని మర్యాదగా అడుగుతుంది. ఈ మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ఒకరు అనగా విని మరొకరు నేర్చుకోవలసిన మాట ఇది.

చేసి చూపించినవారు

ఇది మా ఊహ కాదు. చేసి చూపించినవారున్నారు. మన రాష్ట్రానికి ఆనుకునే ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకే పసిబిడ్డల సంరక్షణ నేర్పినారు. నేర్పి వదిలిపెట్టలేదు, వెనువెంట ఉండి పని చూసి సరిదిద్దినారు. 1995 మొదలు 1998 వరకు 39 గ్రామాల్లో జరిగిన ఆ పనివల్ల నెలలోపు శిశుమరణాలు నూటికి 62 వంతులు తగ్గినవని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించినారు. ఆ దారినే 2011లో దేశమంతటా ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వెళ్లి చూసే పద్ధతి ప్రారంభమయింది.

ఒకనాడు నిజాం రాజ్యంలో మనతో కలిసి ఉన్న బీదర్, గుల్బర్గా, రాయచూరు జిల్లాలతో సహా ఉత్తర కర్ణాటకలో 2010 దశకంలో మరో ప్రయోగం జరిగింది. అనుభవమున్న నర్సులనే ఎంపిక చేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మళ్లీ మళ్లీ పంపినారు. వారు వెళ్లి, అక్కడి నర్సుల పక్కనే రెండు మూడు రోజులు ఉండి పని చేస్తూ నేర్పినారు. పై అధికారిగా కాదు, సాటి నర్సుగా.

మన తెలంగాణలో 2017లో ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫ్ శిక్షణ ప్రారంభించినారు. సహజంగా కాగల కాన్పును ఓపికతో కానివ్వడం, ఆపద వచ్చినప్పుడు ఆలస్యం చేయక డాక్టరును పిలవడం, తల్లితో గౌరవంగా మాట్లాడటం - ఇవన్నీ ప్రసూతి గదిలోనే, పెద్ద మిడ్‌వైఫ్‌ల పక్కన నిలబడి నేర్చుకునే విధంగా ఆ చదువు సాగింది. 2018 చివర కేంద్ర ప్రభుత్వమే దేశమంతటికీ మిడ్‌వైఫ్ సేవల మార్గదర్శకాలు ప్రకటించింది.

ప్రపంచంలోని సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాము. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల ఆసుపత్రుల్లో రెండు లక్షలకు పైగా తల్లుల మీద జరిపిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడినవి. కాన్పు కాగానే తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచీ పరచి, పోయిన రక్తం ఎంతో కంటితో అంచనా వేయక కొలిచినారు. హద్దు దాటగానే చేయవలసిన చికిత్సలన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి చేసినారు. నర్సులకు ఇది పని చోటనే నేర్పినారు. తీవ్ర రక్తస్రావమూ, దానివల్ల కలిగే ఇతర ఆపదలూ నూటికి 60 వంతులు తగ్గినవి. సంచీ ఖరీదెంత? దానిని చూసి కదిలే చేయి ఉండటమే ముఖ్యం. మా బాలిక ఇంట్లో లేనిది అదే.

నమ్మకం గూర్చి

ఇక్కడ ఒక చేదు సంగతి దాచకుండా చెప్పాలి. 2022 ఆగస్టు 25న మన ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగినవి. తర్వాతి రోజుల్లో వారిలో నలుగురు మరణించినారు. నలుగురూ పిల్లల తల్లులు. ఆ తర్వాత చుట్టుపక్కల ఎన్నో ఇండ్లలో సర్కారు దవాఖానా అంటే భయం పట్టుకున్నది. ఆ భయాన్ని తప్పు పట్టలేము. కాని భయపడి ఇంట్లో కూర్చుంటే తల్లికి మేలు జరగదు. చేతులు కడుక్కోవడం, పనిముట్లు శుద్ధి చేయడం, ఒక్క రోజులో చేయగలిగినంతే చేయడం - ఇవి ఏటికొకసారి సర్క్యులరు వస్తే నిలిచేవి కావు. రోజూ పక్కన ఒకరు ఉండి గుర్తు చేస్తుంటే నిలుస్తవి. నమ్మకం కూడా అట్లాగే తిరిగి వస్తుంది.

మన చిల్లా, వారి 42 రోజులు

ఇక మన ఇండ్ల లోపలికి వద్దాము. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3వ రోజు, 7వ రోజు, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. మనకు చిల్లా 40 రోజులు. 7వ రోజు అఖీఖా. చూడండి, వారి లెక్కా మన లెక్కా ఎంత దగ్గరగా ఉన్నవో! అఖీఖా రోజున ఇంటినిండా చుట్టాలుంటారు. ఆ రోజే తలుపు దగ్గరకు వచ్చిన ఆశా కార్యకర్తను, 'ఇవాళ పనిలో ఉన్నాం, రేపు రా' అని పంపేస్తాం. అట్లా కాక, లోపలికి పిలిచి, ముందు బిడ్డను చూపించి, తర్వాత భోజనం పెట్టి పంపరాదా?

చిల్లాలో తల్లికి విశ్రాంతి ఇవ్వడం, హరీరా చేసి పెట్టడం మంచి ఆచారాలు. కాని చిల్లా గనుక గడప దాటరాదని, జ్వరంతో వణుకుతున్న తల్లిని ఇంట్లో ఉంచడం మతం చెప్పిన మాట కాదు. నిఫాస్ రోజుల్లో నమాజు నుంచి మినహాయింపు ఉన్నది గాని, వైద్యుని దగ్గరకు పోరాదని ఎక్కడా లేదు. పుట్టగానే ఘుట్టీ అని, తేనె అని బిడ్డ నోట్లో పోయడం కూడా ఆలోచించవలసిందే. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదమని వైద్యులు చెబుతున్నారు. ముర్రుపాలు పిండి పారబోయడం అన్నిటికన్నా నష్టం. తల్లులు రెండు పూర్తి సంవత్సరాలు పాలివ్వడం గూర్చి దివ్య ఖురాన్‌లోనే ప్రస్తావన ఉన్నది. ఆ రెండేండ్లకు మొదటి గంట ఆ ముర్రుపాలే. బిడ్డ చెవిలో అజాన్ వినిపించిన వెంటనే తల్లి రొమ్ముకు చేర్చండి.

ఇనుము మాత్రల సంగతి కూడా. మన ఇండ్లలో చాయ్ లేనిదే పొద్దు గడవదు. మాత్రను చాయ్‌తో మింగితే ఒంటికి పట్టేది తక్కువ. చాయ్‌కీ మాత్రకూ మధ్య కనీసం ఒక గంట, కుదిరితే రెండు గంటలు ఎడం ఉండాలి. ఈ చిన్నమాట ఆశా కార్యకర్త చెప్పవచ్చును. కాని ఆమె చెప్పేది తెలుగులో, కోడలు వినేది ఉర్దూలో, నిర్ణయించేది అత్తగారు. మధ్యలో మాట జారిపోతుంది.

మన సంఘం చేయదగిన పనులు

కాబట్టి సంఘం వారి ముందు అయిదు విషయాలు విన్నవిస్తున్నాము.

1. మన సంఘ భవనంలో నెలకొక రోజు ఒక గది ఆరోగ్య కార్యకర్తలకు ఇవ్వాలి. మన వారిలో ఉన్న లేడీ డాక్టర్లు, రిటైరయిన నర్సులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారి అనుమతితో, వారి ఏర్పాటు ప్రకారమే ఆ రోజు ఆశాలతో, ఏ.ఎన్.ఎం.లతో కూర్చోవాలి. అడిగిన సందేహం తీర్చాలి, బొమ్మ మీద ఊపిరి అందించడం మళ్లీ మళ్లీ చేయించాలి. తప్పులు పట్టే సభగా దీనిని మార్చరాదు.

2. తెలుగు, ఉర్దూ రెండూ చదవగల మన అమ్మాయిలను గల్లీకి ఇద్దరి చొప్పున ఎంపిక చేసి ఆశా కార్యకర్త వెంట పంపాలి. ఆమె మాటను అత్తగారికి అర్థమయ్యే భాషలో చెప్పడమే వారి పని. తమ సొంత వైద్యం కలపరాదు.

3. ఆపద గుర్తులను ఉర్దూలో ఒక పెద్ద కాగితం మీద అచ్చువేయించి ఇంటింటికీ ఇవ్వాలి. తల్లికి అధిక రక్తస్రావం, విపరీతమైన తలనొప్పి, ఫిట్స్, జ్వరం, బిడ్డ పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం, ఊపిరి వేగం కావడం, డొక్కలు ఎగరేయడం - ఈ మాటలు చాలు. ఉర్దూ వ్రాసి పెట్టే బాధ్యత మేము తీసుకుంటాము.

4. పెట్లబుర్జు, సుల్తాన్ బజార్, నీలోఫర్ ఆసుపత్రులకు రాత్రివేళ పోవలసివస్తే, 108 రావడం ఆలస్యమయినప్పుడు బయలుదేరగల ఆటోవారి పేర్లు, రక్తం ఇవ్వగల యువకుల పేర్లు, గ్రూపులతో సహా వ్రాసి మసీదు కమిటీ దగ్గర ఉంచాలి. దీనికి కొంత నిధి వేరుగా పెట్టాలి. వార్షిక విందులో ఒక వంటకం తగ్గించుకున్నా ఈ ఖర్చు సరిపోతుంది.

5. మన బస్తీలో ఒక తల్లి గాని, పసిబిడ్డ గాని పోయినప్పుడు, 'అల్లాహ్ ఇష్టం' అని దుఃఖాన్ని సహించడం మన విశ్వాసం. ఏమి జరిగిందో తెలుసుకోవడం మన బాధ్యత. ప్రభుత్వంలో తల్లుల మరణాలను సమీక్షించే పద్ధతి ఉన్నది. కుటుంబం వారు అందులో నిజం చెప్పేట్టు ధైర్యమివ్వాలి. ఎవరినో శిక్షించేందుకు కాదు, తర్వాతి తల్లి కోసం.

చివరగా ఒక్క మనవి. ఆశా కార్యకర్త ఏ కులమో, ఏ మతమో మన గల్లీలో అడగవద్దు. మండుటెండలో బాలాపూర్ వైపునుంచో, నాదర్‌గుల్ వైపునుంచో నడిచి వచ్చి మన కోడలి బి.పి. చూసే ఆమెకు ముందు ఒక కుర్చీ వేయండి, ఒక గ్లాసు చల్లని నీళ్లివ్వండి. గౌరవం దొరికిన చోటికి మనిషి మళ్లీ వస్తుంది. ఆరుసార్లు రావలసిన మనిషి ఆరుసార్లూ వస్తే ఒక బిడ్డ బ్రతకవచ్చును.

మన తల్లులకు, పసిబిడ్డలకు, వారికి సేవ చేసే చేతులకు అల్లాహ్ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.